జూన్ దాకా ఎక్కకూడని బండలు



జర్మనీ పటం మీద న్యూరెంబర్గ్, బాంబెర్గ్, బైరాయిట్ అనే మూడు ఊళ్ళను గీతలతో కలిపితే ఒక త్రికోణం వస్తుంది. ఆ త్రికోణంలోనూ దాని చుట్టుపక్కలా పరుచుకున్న సున్నపురాతి ప్రాంతాన్ని బండలెక్కేవాళ్ళు ఫ్రాంకెన్‌యూరా అంటారు. అక్కడున్నవి మంచు కొండలేమీ కావు. బీచ్ చెట్ల అడవి, ఆ అడవిలో అక్కడక్కడ చెట్ల తలలకు సమానంగానో కాస్త పైకో లేచిన బూడిదరంగు బండలు. చాలావరకు పది మీటర్ల నుంచి పాతిక మీటర్ల ఎత్తు, అంతే. కానీ అలాంటివి వెయ్యి దాకా ఉన్నాయి. వాటి మీద పేరు పెట్టి, కష్టం కొలిచి, గైడు పుస్తకాలకెక్కించిన రూట్లు పది వేలకు పైమాటే. నేను ఆ పక్కనే ఎర్లాంగెన్ అనే ఊళ్ళో ఇంజినీరుగా ఉద్యోగం చేస్తున్నాను. సొంతూరు భువనగిరి. తాడు కట్టుకుని బండలెక్కడం చదువుకునే రోజుల నుంచీ ఉన్న పిచ్చి. ఈ నెల సెలవు మీద ఇంటికొచ్చాను కాబట్టి, అక్కడి వసంతం బండలెక్కేవాళ్ళకు ఎలా గడుస్తుందో మీకు చెప్పే అవకాశం దొరికింది.

మన దగ్గర వసంతం వచ్చిందంటే ఎండ ముదిరినట్టే. ఉగాది దాటాక భువనగిరి కోట బండ మీద మధ్యాహ్నం పూట అరచెయ్యి ఆనించలేం. ఏం ఎక్కినా తెల్లవారుజామునే ఎక్కి దిగిపోవాలి. అక్కడ ఇది తలకిందులు. హైదరాబాదులో ఏడాదిలోకెల్లా పొట్టి పగలుకూ పొడుగు పగలుకూ తేడా రెండు గంటలు. ఎర్లాంగెన్‌లో డిసెంబరు పగలు ఎనిమిది గంటలే, జూన్ పగలు పదహారు దాటుతుంది. చలికాలమంతా ఆఫీసుకు చీకట్లో వెళ్ళి చీకట్లో రావడమే. ఎక్కాలనిపిస్తే హాల్లోకి వెళ్ళి, గోడకు బిగించిన రంగురంగుల ప్లాస్టిక్ పట్లు పట్టుకోవాలి. మార్చి చివరి ఆదివారం దేశమంతా గడియారాలు గంట ముందుకు జరుపుతారు. ఆ మర్నాడు సాయంత్రం ఐదింటికి ఆఫీసు వదిలినా ఏడున్నర దాకా వెలుతురుంటుంది. ఆ సోమవారం మా ఆఫీసు పార్కింగులో ఏ కారు డిక్కీ తీసినా తాడు కనిపిస్తుందంటే కాస్త అతిశయోక్తే గానీ, నా స్నేహితుల కార్ల వరకూ నిజమే.

వెలుతురు వచ్చినంత మాత్రాన బండ ఎక్కడానికి వీలు కాదు. మార్చిలో ఆ బండలు లోపలి నుంచి కారుతుంటాయి. ఎందుకో తెలియాలంటే ఆ రాయి గురించి కొంచెం చెప్పాలి. మన భువనగిరి, హైదరాబాదు బండలు గ్రానైటు. వాటి వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. ఫ్రాంకెన్‌యూరా రాయి వయసు 15 కోట్ల సంవత్సరాల పైచిలుకు. అప్పుడక్కడ వెచ్చటి సముద్రం ఉండేది. దాని అడుగున స్పాంజి జీవులు గుట్టలు గుట్టలుగా పేరుకుని గట్టిపడి ఈ సున్నపురాయి, డోలమైటు తయారయ్యాయి. సున్నపురాయిని వాననీరు కొద్దికొద్దిగా కరిగిస్తుంది. అందుకని బండ మొహమంతా పొంగణాల పెనం నిలబెట్టినట్టు గుంటలే. కొన్నింట్లో నాలుగు వేళ్ళు పడతాయి, కొన్నింట్లో రెండు, కొన్నింట్లో ఒక్కటే. మన గ్రానైటు మీద పట్టుకోవడానికి ఏమీ ఉండదు. చెప్పు అడుగును రాయికి అదిమి, బరువు పాదాల మీద వేసి, నమ్మి నిలబడాలి. నేను పాదాలతో ఎక్కడం నేర్చుకున్నదాన్ని. అక్కడికి వెళ్ళాక వేళ్ళతో ఎక్కడం మొదటి నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. వేళ్ళ కండరాలకు బలం నెలల్లో వస్తుంది, వాటిని పట్టి ఉంచే స్నాయువులు గట్టిపడటానికి ఏళ్ళు పడుతుంది. తొందరపడితే వేలు పట్టేస్తుంది, ఆ సీజన్ అక్కడితో సరి.

ఆ గుంటలు చేసిన నీళ్ళే మార్చిలో మమ్మల్ని ఆపుతాయి. మంచు కరిగి పైనున్న మట్టిలోంచి రాతి పగుళ్ళలోకి దిగి, వారాల తరువాత ఏదో గుంటలోంచి చుక్కలు చుక్కలుగా బయటపడుతుంది. ఆకాశం నిర్మలంగా ఉంటుంది, రాయి పైకంతా పొడిగానే కనిపిస్తుంది, మీరు కష్టపడి పైకి వెళ్ళి వేళ్ళు పెట్టిన గుంటలో మాత్రం నీళ్ళు. ఏ బండ దక్షిణానికి తిరిగి ఉంది, ఏది ముందు ఆరుతుంది, ఏది మే దాకా ఏడుస్తూనే ఉంటుంది, ఇదంతా స్థానికులకు నోటి లెక్క. కొత్తవాళ్ళు వాళ్ళ వెనక తిరిగి నేర్చుకోవాల్సిందే.

ఇదే రాయి ఇంకో పని కూడా చేసింది. పీఠభూమి మీది ఊళ్ళకు నీళ్ళు లేకుండా చేసింది. పడ్డ వాన పడ్డట్టు రాతిలోకి ఇంకి, ఎక్కడో దిగువన లోయలో ఊటగా తేలుతుంది. పైనున్న ఊళ్ళవాళ్ళు తరతరాలుగా నీళ్ళు మోసుకున్నారు. అందుకేనేమో అక్కడ ఈస్టరుకు ఊరి నడుమ బావికీ, నీటి తొట్టికీ పచ్చటి కొమ్మల తోరణాలు కట్టి, రంగులేసిన గుడ్డు పెంకులు వందలకొద్దీ వేలాడదీస్తారు. ఏప్రిల్లో బండల దగ్గరికి వెళ్ళే దారిలో ప్రతి ఊళ్ళోనూ అలాంటి బావి ఒకటి ఎదురవుతుంది. బోనాల నాడు వేపమండలు కట్టే ఊరినుంచి వెళ్ళినదాన్ని, నాకు ఆ బావుల దగ్గర పరాయితనం ఎప్పుడూ అనిపించలేదు.

మనుషుల దగ్గర అనిపించింది, దాచుకోవడం ఎందుకు. అక్కడ పక్కింటివాళ్ళను టీకి పిలవాలంటే క్యాలెండరు చూసుకుంటారు. మూడు వారాల తరువాత శనివారం మూడింటికి కుదురుతుందంటారు. ఆ మనుషులే బండ దగ్గర, పేరు తెలిసిన పది నిమిషాలకు, నా తాడు రెండో కొస పట్టుకుని కింద నిలబడతారు. పైన చెయ్యి జారితే నా ప్రాణం వాళ్ళ చేతుల్లో ఉంటుంది. ప్రతి ఎక్కుడుకూ ముందు ఒకరి ముడి ఒకరు, తాడును పట్టి ఆపే బిలే పరికరం ఒకరిది ఒకరు చూసి, చేత్తో తట్టి, సరే అనుకుంటారు. ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్న పెద్దాయనైనా సరే, కొత్తగా వచ్చిన నా చేత తన ముడి తనిఖీ చేయించుకుంటాడు. హోదా, మొహమాటం ఏమీ ఉండవు. మన దగ్గర పెద్దవాళ్ళ ముడి సరిగ్గా ఉందా అని అడగడానికి నోరు రాదు. ఆ అలవాటు వదిలించుకోవడం నాకు రెండు వేళ్ళ గుంటలకంటే కష్టమైంది.

వసంతం పనులు ఇంకా ఉన్నాయి. అడవిలో రక్తం పీల్చే పురుగులు, అంటే మనం పశువుల మీద చూసే గోమారి లాంటివే, గడ్డిలోంచి కాళ్ళకు పట్టుకుంటాయి. మేమున్న బవేరియా రాష్ట్రంలో చాలాభాగం వాటివల్ల మెదడువాపు సోకే ప్రాంతం. దానికి మూడు మోతాదుల టీకా ఉంది, చలికాలంలోనే మొదలుపెట్టాలి. లైమ్ అనే ఇంకో జబ్బుకు అలాంటి రక్షణ లేదు కాబట్టి ఇంటికొచ్చాక మోకాళ్ళ వెనక, చంకల్లో, జుట్టు మొదళ్ళలో వెతుక్కోవడమే. అదే అడవిలో ఏప్రిల్లో నేలంతా వెల్లుల్లి వాసన వేసే ఆకు పరుచుకుంటుంది. తెలుగువాళ్ళం కదా, ఆకు కనిపిస్తే పచ్చడే గుర్తొస్తుంది. ఎండుమిర్చి, శనగపప్పు వేయించి దానితో కలిపి నూరుకుంటే వేడన్నంలోకి బ్రహ్మాండంగా ఉంటుంది. అయితే దాన్ని పోలిన విషపు ఆకు ఒకటి అదే అడవిలో మొలుస్తుంది. అందుకని ఒక్కో ఆకూ నలిపి వాసన చూసి మరీ కోయాలి. చేతికి ఒకసారి వాసన అంటిందంటే ఇక ఏ ఆకైనా అదే వాసన వేస్తుంది, అక్కడే జాగ్రత్త.

శాకాహారులకు అక్కడి పల్లె హోటళ్ళలో పెద్దగా తినేందుకు ఉండదు, పంది భుజం మాంసం, బంగాళాదుంప ముద్దలు వాళ్ళ ఆదివారపు భోజనం. ఏప్రిల్ మధ్య నుంచి మాత్రం మా పాలిట పండగ. తెల్ల ఆస్పరాగస్ వస్తుంది. న్యూరెంబర్గుకూ ఎర్లాంగెన్‌కూ నడుమ మడుల్లో పండుతుంది. మట్టి కప్పి వెలుతురు తగలకుండా పెంచుతారు, అందుకే తెలుపు. జూన్ 24న కోత ఆపేస్తారు, మరుసటి ఏటికి మొక్క కోలుకోవాలని. ఎంత లాభమున్నా ఆ తేదీ దాటనివ్వరు. తేదీల విషయంలో వాళ్ళ పట్టుదల గురించే ఇప్పుడు అసలు మాట చెప్పబోతున్నాను.

వసంతంలో మేము ఎక్కాలనుకున్న బండల్లో కొన్ని మూసేసి ఉంటాయి. కాలిబాట చివర ఒక బోర్డు ఉంటుంది. ఇక్కడ పక్షులు గుడ్లు పెట్టాయి, ఫలానా తేదీ దాకా ఎక్కవద్దు అని. సాధారణంగా ఫిబ్రవరి నుంచి జూన్ చివరి దాకా, కొన్నిచోట్ల జులై చివరి దాకా. రెండు పక్షుల కోసం ఈ ఏర్పాటు. ఒకటి బైరి డేగ. రెండోది యూరపులోకెల్లా పెద్ద గుడ్లగూబ. రెక్కలు చాపితే ఐదడుగులు దాటుతుంది. అంత పక్షి గూడు కట్టదు. బండ అరుగు మీద ఇంత మట్టి గోకి, చిన్న గుంట చేసి, మార్చి చలిలో గుడ్లు పెట్టేస్తుంది. ఐదు వారాలు కదలకుండా పొదగాలి. ఆ అరుగు పక్కనుంచి మనిషి తాడుతో పైకొస్తే లేచిపోతుంది. తల్లి లేచిపోతే గుడ్లు చల్లబడిపోతాయి. ఒక్క గంట మా సరదాకు దాని ఏడాదంతా పోతుంది.

మొదటి ఏడు ఈ సంగతి ఫోన్లో అమ్మకు చెప్పాను. "ఏందే, గుడ్లగూబ కోసం బండ మూసిన్రా? మన దిక్కు అది కూస్తే తలుపులేసుకుంటరు. గాళ్ళు దానికి కాపలా ఉన్నరా?" అంది. నిజంగానే కాపలా ఉంటారు. పక్షి సంఘాలవాళ్ళు దూరం నుంచి బైనాక్యులర్లతో చూస్తుంటారు. ఈ ఏడు ఫలానా బండ మీద గుడ్లు పెట్టలేదని తేలితే గడువుకు ముందే బోర్డు తీసేస్తారు. పెట్టి ఉంటే తీయరు. ఒక బండ మూసి ఉంటే పక్క లోయలో ఇంకొకటి తెరిచి ఉంటుంది, సాయంత్రం బయల్దేరే ముందు ఆ జాబితా చూసుకోవడం వాన సూచన చూసుకున్నంత మామూలైపోయింది. బోర్డు దాటి ఎక్కిన వాళ్ళను పోలీసులకంటే ముందు తోటి క్లైంబర్లే నిలదీస్తారు.

దీనికి ఒక చరిత్ర ఉంది. 1950ల నుంచి పొలాల్లో చల్లిన డీడీటీ పురుగుమందు పక్షుల ఒంట్లోకి చేరి గుడ్ల పెంకులు పల్చబడ్డాయి. తల్లి కూర్చుంటే పగిలిపోయేవి. 1970ల నాటికి పశ్చిమ జర్మనీలో బైరి డేగ కనుమరుగయ్యే స్థితికి వచ్చింది. డీడీటీ ఆపాక మెల్లగా తిరిగొచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే బండలెక్కేవాళ్ళ సంఖ్య కూడా పెరిగింది. ఇద్దరికీ కావలసింది అవే బండలు. 1990ల మొదట్లో పొరుగు రాష్ట్రం బాడెన్ వ్యుర్టెంబెర్గ్‌లో వచ్చిన చట్టంతో చాలా బండలు ఎక్కేవాళ్ళకు పూర్తిగా మూతపడ్డాయి. ఫ్రాంకెన్‌యూరా వాళ్ళు అంతదాకా రానివ్వలేదు. క్లైంబర్ల సంఘాలు, 1869 నుంచి ఉన్న జర్మన్ ఆల్పైన్ క్లబ్బు, ప్రకృతి సంరక్షణ అధికారులు కూర్చుని బండలను మూడు తరగతులు చేశారు. మొదటి దాంట్లో మనిషి ఎక్కనే కూడదు. రెండో దాంట్లో ఉన్న రూట్లు ఎక్కవచ్చు, కొత్తవి వేయకూడదు. మూడో దాంట్లో మొక్కలు, నాచు ఉన్న చోట్లు వదిలి కొత్తవి వేసుకోవచ్చు. పక్షుల కోసం తాత్కాలికంగా మూయడం వీటికి అదనం.

తమ మీద తామే నియమం పెట్టుకోవడం ఆ ప్రాంతం వాళ్ళకు కొత్త కాదు. న్యూరెంబర్గువాడు కుర్ట్ ఆల్బెర్ట్, లెక్కలూ భౌతికశాస్త్రమూ చదువుకున్న మనిషి, 1975లో ఒక డబ్బా ఎర్ర రంగు పట్టుకుని తిరిగాడు. అప్పటిదాకా రాతిలో దిగేసిన మేకులు పట్టుకుని లాక్కుంటూ పైకెళ్ళడం తప్పు కాదు. అతను మేకును పడితే కాపాడటానికే తప్ప పట్టుకోవడానికి వాడకుండా, రాయినే పట్టుకుని పైదాకా వెళ్ళిన ప్రతి రూటు కిందా ఒక ఎర్ర చుక్క పెట్టాడు. ఎవరూ అతన్ని అడగలేదు, ఏ కమిటీ తీర్మానించలేదు. చూసినవాళ్ళు ఒక్కొక్కరే ఆ పద్ధతిలోకి వచ్చారు. ఇవాళ ప్రపంచమంతా క్లైంబర్లు రూటు ఎక్కాననడానికి అదే కొలత. ఇక్కడే 1991లో వోల్ఫ్‌గాంగ్ గ్యుల్లిష్ "యాక్షన్ డైరెక్ట్" అనే రూటు ఎక్కాడు. మొదటి కదలికలోనే గాల్లోకి ఎగిరి రెండు వేళ్ళ గుంట అందుకోవాలి. ప్రపంచంలో అంతటి కష్టమని అందరూ ఒప్పుకున్న మొదటి రూటు అదే. మరుసటి ఏడే కారు ప్రమాదంలో పోయాడు, అప్పటికి ముప్పై ఒకటేళ్ళు. ఓబర్‌ట్రూబాఖ్ అనే పల్లెలో సమాధి ఉంది. బండలకు వెళ్ళే దారే కాబట్టి అప్పుడప్పుడు ఆగుతాం.

నాకు ఆ బోర్డుల మీద మొదట్లో విసుగే. అయిదు రోజులు ఆఫీసు, ఆరో రోజు వాన, ఏడో రోజు ఎండ కాస్తే గుడ్లగూబ. ఆ విసుగు పోయింది హైదరాబాదు వచ్చినప్పుడే. నేను ఎక్కడం నేర్చుకున్న బండల్లో కొన్నింటికి బోర్డు ఎప్పుడూ లేదు. ఎవరైనా, ఎప్పుడైనా ఎక్కవచ్చు. అవి ఇప్పుడు లేవు. కంప్రెసరు పెట్టి రంధ్రాలు వేసి, మందు కూరి పేల్చి, కంకర చేసి, ఆ జాగాలో ఫ్లాట్లు కట్టారు. 250 కోట్ల సంవత్సరాలు ఎండకూ వానకూ ఆగిన రాయి ఒక వేసవిలో లారీలెక్కి పోతుంది. అక్కడ ఐదు నెలలు మూసిన బండ జులైలో నాకు మళ్ళీ దొరుకుతుంది. ఇక్కడ తెరిచి ఉంచిన బండ శాశ్వతంగా పోయింది. ఊరుకున్నవాళ్ళే అందరూ అని కూడా అనలేను. సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్ళు 1996 నుంచి బండల కోసం పోరాడుతున్నారు. 2025 ఏప్రిల్లో కంచ గచ్చిబౌలిలో చెట్లు కొట్టడం సుప్రీంకోర్టు ఆపింది, పుట్టగొడుగు బండగా పేరుపడ్డ మష్రూమ్ రాక్ ఉన్నది ఆ చుట్టుపక్కలే. మా భువనగిరి గుట్టయితే కోట ఉండటం వల్ల బతికింది. 2014 మే 25న పదమూడేళ్ళ వయసులో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ తాడు పట్టడం నేర్చుకున్నది ఈ గుట్ట మీదే. ఇది కూడా క్వారీ అయి ఉంటే ఆ పిల్ల ఎక్కడ నేర్చుకునేది?

మళ్ళీ అక్కడికి వస్తే, ఏప్రిల్ చివర ఒక పదిహేను రోజులు ఉంటాయి. రాయి ఆరి ఉంటుంది, చెట్లు ఇంకా ఆకు తొడగవు, ఎండ నేరుగా బండ మీద పడుతుంది. రాయి చల్లగా, చేతులు వెచ్చగా ఉంటాయి. ఏడాదికి ఎక్కాలనుకున్నవన్నీ అందరూ ఆ పదిహేను రోజుల్లోనే పెట్టుకుంటారు. మే రాగానే బీచ్ చెట్లు ఒక్క వారంలో ఆకు వేస్తాయి, బండ నీడలోకి వెళ్ళిపోతుంది. వాన పడితే ఆరడం ఆలస్యం. ఉత్తరానికి తిరిగిన బండలకు వెళ్ళేవాళ్ళు వేరే, వాళ్ళు వేసవి మనుషులు. నేను ఎండ మనిషిని, ఎంతైనా తెలంగాణదాన్ని.

ఒక్క విన్నపం చేసి ముగిస్తాను. ఆ గుడ్లగూబకు దగ్గరి చుట్టం మన దక్కను బండల్లోనే ఉంది, ఒకప్పుడు శాస్త్రజ్ఞులు రెండింటినీ ఒకే జాతిగా లెక్కపెట్టేవారు. నెత్తిన రెండు కొమ్ముల్లా ఈకలు లేచి ఉంటాయి. ఇదీ గూడు కట్టదు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా బండ అరుగుల మీద, గట్ల మీద గుడ్లు పెడుతుంది. అంటే వాటిలో చాలావరకు మనకు చల్లగా ఉండి, మనం తాళ్ళు పట్టుకుని గుట్టలకు బయల్దేరే నెలలే. మన దగ్గర బోర్డు పెట్టేవాళ్ళు లేరు. అరుగు కింద తెల్లటి రెట్ట చారలు, ఎలుకల ఎముకలూ వెంట్రుకలూ కలిసి గట్టిపడ్డ ఉండలు కనిపిస్తే పైన అది ఉన్నట్టే. తాడు చుట్టుకుని పక్క బండకు వెళ్ళండి. దాని పిల్లలు ఎగిరిపోయాక, తెల్లవారుజామున, మళ్ళీ రావచ్చు.